నిపా గబ్బిలాల్లో ఉందని ఎలా పట్టుకున్నారు? జంతువుల నుంచి వచ్చే జబ్బులపై తరచుగా అడిగే ప్రశ్నలు

మెదడువాపు తెచ్చే నిపా వైరస్ కేసు కేరళలో బయటపడిన ప్రతిసారీ మన ఫోన్లలో రెండు రకాల మెసేజ్‌లు తిరుగుతాయి. గబ్బిలాలను తరిమేయండి అని ఒకటి, పండ్లు ముట్టుకోవద్దు అని ఇంకొకటి. ఆ జబ్బు గబ్బిలాల నుంచి వచ్చిందని ఎవరు తేల్చారు, ఎలా తేల్చారు, మధ్యలో ఎక్కడ దారి తప్పారు అన్నది మాత్రం ఆ మెసేజ్‌లలో ఉండదు. అది తెలిస్తే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో చాలావరకు మనమే తేల్చుకోవచ్చు. ఒక జంతువులో వైరస్ కనబడటం వేరు, ఆ వైరస్ ఏళ్ల తరబడి బతికేది ఆ జంతువుల్లోనే అని రుజువు కావడం వేరు. ఈ తేడా పట్టించుకోక లక్షల జంతువులను చంపిన సందర్భాలున్నాయి, మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇక్కడి జవాబులు ఎక్కువగా నిపా చుట్టూ తిరుగుతాయి. ఈ వెతుకులాట మొదటి నుంచి చివరి దాకా స్పష్టంగా కనిపించే జబ్బుల్లో అదొకటి.

ఆశ్రయ జంతువు అంటే ఏమిటి?

మనుషుల్లో ఒక్క కేసు కూడా లేని రోజుల్లో ఆ వైరసో బాక్టీరియానో ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి కదా. నివురు కింద నిప్పులా అది ఆరిపోకుండా ఉండే జంతువుల గుంపునే ఆశ్రయ జంతువు అంటున్నాం. డాక్టర్లు రిజర్వాయర్ అంటారు.

ఇందులో గుంపు అన్నది ముఖ్యం. ఒక్క జంతువు ఒంట్లో వైరస్ సాధారణంగా కొన్నాళ్లే ఉంటుంది. తర్వాత ఆ జంతువు చచ్చిపోతుంది, లేదా దానికి రోగనిరోధక శక్తి వస్తుంది. అదే పెద్ద గుంపు అయితే ఏటా కొత్త పిల్లలు పుడుతుంటాయి, పెద్దవాటిలో ఆ శక్తి మెల్లగా తగ్గుతుంటుంది. వైరస్‌కు ఎప్పుడూ ఏదో ఒక ఒళ్లు దొరుకుతూనే ఉంటుంది.

మశూచికి మనిషి తప్ప వేరే ఆశ్రయం లేదు. అందుకే టీకాలతో దాన్ని భూమి మీద లేకుండా చేయగలిగారు, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ప్రకటించింది. నీళ్ల ద్వారా ఒంట్లోకి పురుగు చేరే నారికురుపు కూడా అలాగే పోతుందనుకున్నారు. మన దేశంలో పోయింది కూడా. ఆఫ్రికాలోని చాద్‌లో మాత్రం 2012 నుంచి కుక్కల్లో ఆ పురుగు కనబడటం మొదలైంది. మనుషులకు శుభ్రమైన నీళ్లు ఇస్తే చాలనుకున్న పథకం అక్కడ కుక్కల వెంట కూడా పడాల్సి వచ్చింది.

మనకు జబ్బు అంటించిన జంతువే ఆశ్రయ జంతువా?

చాలాసార్లు కాదు. సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు చచ్చిపడ్డాయి, ఆ వెంటనే చుట్టుపక్కల ఊళ్లలో జనం జ్వరాలతో మంచాన పడ్డారు. అక్కడివాళ్లు ఇప్పటికీ దాన్ని మంగన కాయిలె, అంటే కోతి జబ్బు అనే పిలుస్తారు. నిజానికి కోతి కూడా మనలాగే ఆ వైరస్‌కు బలవుతోంది. వైరస్ తిరిగేది అడవిలోని పిడుదుల్లో, ఎలుకలు, చుంచులు లాంటి చిన్న జంతువుల్లో. కోతి చచ్చాక దాని ఒంటి మీది పిడుదులు కింద రాలి, కట్టెలకో పశువుల కోసమో అడవికి వెళ్లినవాళ్లను పట్టుకుంటాయి. కోతి చచ్చిపడటం మనకు ముందస్తు హెచ్చరిక.

2002 నవంబర్‌లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో మొదలైన సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు కూడా అంతే. షెన్‌జెన్ మార్కెట్లో బతికున్నవాటిని అమ్ముతున్న పునుగుపిల్లుల్లో 2003లో వైరస్ దొరికింది. 2004 జనవరిలో వేల పునుగుపిల్లులను చంపేశారు. మార్కెట్ల బయట పెరిగే పునుగుపిల్లులను పరీక్షిస్తే చాలావాటిలో వైరస్ జాడే లేదు. 2005లో పరిశోధకుల చూపు గుర్రపునాడా ఆకారం ముక్కున్న గబ్బిలాల వైపు మళ్లింది. యునాన్‌లోని ఒక గుహలో ఏళ్ల తరబడి శాంపిళ్లు తీసి, సార్స్ వైరస్ జన్యువుల్లోని ముక్కలన్నీ ఆ గబ్బిలాల వైరస్‌లలో ఉన్నాయని 2017లో తేల్చారు. పునుగుపిల్లి మధ్యలో వచ్చిన మెట్టు మాత్రమే.

మన వరి పొలాల దగ్గర వచ్చే జపనీస్ మెదడువాపు తీసుకోండి. దోమ తెస్తుంది, పంది ఒంట్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. అసలు ఆశ్రయం మాత్రం కొంగజాతి పక్షులు. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ గొలుసు తెగిపోతుంది, మన రక్తంలో ఇంకో దోమకు అంటేంత వైరస్ ఉండదు.

మలేషియాలో నిపాను మొదట దోమల జబ్బు అని ఎందుకు అనుకున్నారు?

1998 సెప్టెంబర్ చివర్లో ఈపో పట్నం దగ్గర పందుల పెంపకందారులకు జ్వరం, తలనొప్పి, మగత, ఆ తర్వాత కోమా వచ్చాయి. పందులున్న చోట మెదడువాపు అనగానే ఏ డాక్టరుకైనా మొదట తట్టేది జపనీస్ ఎన్సెఫలైటిస్, అంటే పైన చెప్పిన జపనీస్ మెదడువాపు. కొందరి పరీక్షల్లో దానికి సంబంధించిన ఫలితాలు కూడా వచ్చాయి. ప్రభుత్వం దోమల మందు కొట్టించింది, టీకాలు వేయించింది. కేసులు ఆగలేదు.

ఆగకపోవడమే కాదు, లెక్క అసలు కుదరలేదు. దోమల జబ్బు అయితే పిల్లలకు ఎక్కువ రావాలి. ఇక్కడ పడిపోతున్నది పెద్దవాళ్లు, అదీ రోజూ పందులను పట్టుకుని పనిచేసేవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లకూ వస్తోంది. అదే చుట్టుపక్కల ఉంటూ పందుల జోలికి పోని ముస్లిం కుటుంబాలకు దాదాపు రావడం లేదు. దోమ మతం చూసి కుట్టదు కదా. పైగా పందులు కూడా భయంకరంగా దగ్గుతూ జబ్బుపడుతున్నాయి. జపనీస్ ఎన్సెఫలైటిస్ పందులను అలా చేయదు.

1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో చువా కావ్ బింగ్ అనే వైద్య పరిశోధకుడు రోగి మెదడు చుట్టూ ఉండే ద్రవం నుంచి కొత్త వైరస్‌ను వేరుచేశారు. ఆ రోగిది సుంగై నిపా అనే ఊరు, వైరస్‌కు ఆ పేరే వచ్చింది. అప్పటికి ఆరు నెలలు గడిచిపోయాయి. మలేషియాలో 100 మందికి పైగా చనిపోయారు, 10 లక్షలకు పైగా పందులను చంపారు. అక్కడి పందులు సింగపూర్ కబేళాకు వెళ్లడంతో అక్కడ పనిచేసే 11 మందికి అంటి, ఒకరు చనిపోయారు.

పందుల నుంచి గబ్బిలాల దాకా ఎలా వెళ్లారు?

ఒక పాత కేసు దారి చూపింది. 1994లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో, హెండ్రా అనే శివారులో, పందెం గుర్రాలు వరుసగా చచ్చిపోయాయి. వాటిని చూసుకునే శిక్షకుడూ చనిపోయాడు. ఆ కొత్త వైరస్ ఎక్కడిదని వెతికి, 1996లో పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో దాని యాంటీబాడీలు, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే రక్షణ పదార్థాలు, కనుక్కున్నారు. మలేషియా వైరస్‌ను అమెరికా ల్యాబ్‌లో పరీక్షించినప్పుడు అది హెండ్రా యాంటీబాడీలకు స్పందించింది. రెండూ దగ్గరి చుట్టాలని తేలింది. చుట్టం గబ్బిలంలో ఉంటే ఇది కూడా అక్కడే ఉండొచ్చని ఆ దారిన వెళ్లారు.

ఇంకో ఆధారం నేల మీదే ఉంది. జబ్బు మొదలైన పందుల ఫారంలో దొడ్ల పక్కనే మామిడి చెట్లున్నాయి. గబ్బిలం కొరికి వదిలేసిన పండు పంది ముందు పడుతుంది, పంది తింటుంది. పెద్ద ఫారం కావడంతో వైరస్ ఒక దొడ్డి నుంచి ఇంకో దొడ్డికి పాకుతూ ఆగకుండా సాగింది. ఫారం చిన్నదై ఉంటే బహుశా అక్కడే ఆగిపోయేది, ప్రపంచానికి నిపా అనే పేరు అప్పట్లో తెలిసేదే కాదు.

గబ్బిలం రక్తంలో యాంటీబాడీలు దొరికాయంటే తేలిపోయినట్టే కదా?

తేలలేదు. యాంటీబాడీ ఉందంటే ఆ జంతువుకు ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్‌తోనో దాని చుట్టంతోనో పరిచయం అయిందని మాత్రమే అర్థం. పంది నుంచి గబ్బిలానికి వచ్చిందా, గబ్బిలం నుంచి పందికి వెళ్లిందా అన్నది ఆ రక్తపరీక్ష చెప్పలేదు. మలేషియాలో 14 జాతులకు చెందిన 324 గబ్బిలాలను పరీక్షిస్తే ఐదు జాతుల్లో యాంటీబాడీలు వచ్చాయి, పండ్లు తినే రెండు పెద్ద జాతుల్లో ఎక్కువగా ఉన్నాయి. వైరస్ మాత్రం చేతికి చిక్కలేదు. ఆ దశలో గబ్బిలం అనుమానితురాలే.

మరి బతికున్న వైరస్ ఎలా దొరికింది?

ఈ వెతుకులాట మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

గబ్బిలాన్ని పట్టుకుని రక్తం తీస్తే ఆ క్షణంలో దాని ఒంట్లో వైరస్ ఉండే అవకాశం చాలా తక్కువ. వందల్లో ఏ ఒకటో రెండో మాత్రమే ఏ రోజైనా వైరస్‌ను బయటకు వదులుతుంటాయి, అదీ కొద్దిగా. చువా బృందం పట్టుకోవడం మానేసి కింద పరచడం మొదలుపెట్టింది. టియోమన్ అనే దీవిలో గబ్బిలాలు వేలాడే చెట్ల కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచారు. రాత్రంతా మేసి తెల్లవారుజామున తిరిగొచ్చిన గబ్బిలాలు చెట్టెక్కగానే మూత్రం పోస్తాయి. పట్టా మీద పడిన చుక్కలను ఎండిపోకముందే దూదిపుల్లలతో అద్ది ద్రావణంలో పెట్టారు. గబ్బిలాలు సగం కొరికి పడేసిన పండ్లను కూడా ఏరి, పంటిగాట్లు ఉన్నచోట తుడిచి శాంపిల్ తీశారు. ఒక్క గబ్బిలాన్నీ ముట్టుకోనక్కర్లేదు, గుంపు మొత్తం శాంపిల్ దొరికినట్టే.

ఆ శాంపిళ్లను ల్యాబ్‌లో పెంచుతున్న కోతి మూత్రపిండ కణాల మీద వేశారు. నిపా సోకిన కణాలు విడివిడిగా చావవు. పక్కపక్క కణాలు గోడలు కరిగి ఒకదానిలో ఒకటి కలిసి పెద్ద ముద్దలవుతాయి, మైక్రోస్కోప్‌లో చూస్తే తెలిసిపోతుంది. మూడు శాంపిళ్లలో అలా నిపా దొరికింది. రెండు మూత్రానివి, ఒకటి సగం తిన్న పండుది. 2002లో ఈ ఫలితం అచ్చయింది. మామిడి చెట్టు కింద పంది దొడ్డి అనే ఊహకు ఆ పండుతో గట్టి బలం వచ్చింది.

ఇంతకీ ఏమేం రుజువైతే ఒక జంతువును ఆశ్రయం అని ఒప్పుకుంటారు?

ఒక్క పరీక్షతో అయ్యే పని కాదు. బతికున్న వైరస్ దొరకాలి, లేదంటే కనీసం దాని జన్యుపదార్థం పదేపదే దొరకాలి. రోగిలో ఉన్న వైరస్ జన్యుక్రమం, జంతువులో ఉన్నదాని జన్యుక్రమం దగ్గరగా కలవాలి. జంతువుల వైరస్‌లో వైవిధ్యం మనుషుల్లో కన్నా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే అది అక్కడ చాలాకాలంగా ఉంటోంది. ఇవన్నీ ఒక్క సీజన్‌లో కాక ఏళ్ల తరబడి కనిపించాలి. ఆ జంతువు తిరిగే చోటు, జబ్బు వచ్చే చోటు కలవాలి. వైరస్ జంతువు నుంచి మనిషి దాకా వచ్చే దారి కళ్లకు కనబడాలి. అధిక రక్షణ ఉన్న ల్యాబ్‌లో ఆ జంతువుకు వైరస్ ఎక్కించినప్పుడు అది పెద్దగా జబ్బుపడకుండా వైరస్‌ను బయటకు వదిలితే ఇంకా బలం. ఆస్ట్రేలియాలో పండ్ల గబ్బిలాలకు నిపా ఎక్కించి చూస్తే అవి మామూలుగానే ఉన్నాయి.

వీటిలో నేను అన్నిటికన్నా బరువిచ్చేది కాలానికి. ఒక వారం శాంపిళ్లతో వచ్చే వార్తను ఒక వారం వార్తగానే చూడాలి.

బంగ్లాదేశ్‌లో పందుల ఫారాలు లేవు. అక్కడ నిపా ఎలా వచ్చింది?

2001 నుంచి అక్కడ దాదాపు ప్రతి చలికాలం కేసులు వస్తున్నాయి. రోగుల ఇళ్లకు వెళ్లి, జబ్బుపడినవాళ్లు ఏం తిన్నారు, పక్కింట్లో జబ్బుపడనివాళ్లు ఏం తిన్నారు అని ఓపిగ్గా అడిగి పోల్చారు. 2005లో టంగాయిల్ జిల్లాలో జవాబు దొరికింది. పొద్దున్నే పచ్చిగా తాగిన ఈత చెట్టు రసం.

తర్వాత రాత్రుళ్లు చెట్లకు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు కట్టారు. గీసిన గాటు మీద గబ్బిలాలు వాలి, కారుతున్న రసాన్ని నాకుతూ, అక్కడే మూత్రం పోస్తూ కెమెరాకు చిక్కాయి. ఆ దృశ్యం చూశాక పరిష్కారం పెద్ద కష్టం కాలేదు. వెదురు బద్దలతో అల్లిన తడికను గాటుకూ కుండకూ అడ్డంగా కడితే గబ్బిలం నోరు అందదు. అక్కడ దాన్ని బానా అంటారు. గీతకార్మికులకు ముందే తెలిసిన వస్తువు, ఖర్చు దాదాపు లేదు.

కేరళలో 2018లో మొదట గబ్బిలాల్లో లేదన్నారు, తర్వాత ఉందన్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. మొదట, ఒకే కుటుంబంలో నిపా మరణాలు జరిగిన, కోళికోడ్ జిల్లా పేరాంబ్ర దగ్గరి ఇంటి బావిలో ఉన్న గబ్బిలాలను పట్టుకున్నారు. వాటితోపాటు పందులు, పశువుల శాంపిళ్లు కలిపి 21 భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌కు పంపారు. అన్నీ నెగెటివ్. టీవీల్లో గబ్బిలాలకు క్లీన్‌చిట్ అని స్క్రోలింగ్ వచ్చింది. బావిలో ఉన్నవి పురుగులు తినే చిన్న గబ్బిలాలు. అడగాల్సిన జంతువు అది కాదు.

తర్వాత పుణె జాతీయ వైరాలజీ సంస్థ వాళ్లు ఆ ప్రాంతంలోని పండ్లు తినే పెద్ద గబ్బిలాలను పరీక్షించారు. 52లో 10 పాజిటివ్. వాటిలో మూడింటి వైరస్ జన్యుక్రమాన్ని నలుగురు రోగులదానితో పోలిస్తే 99.7 నుంచి 100 శాతం కలిసింది. అదే రోగుల వైరస్‌ను బంగ్లాదేశ్ వైరస్‌తో పోలిస్తే 96 శాతం దగ్గర ఆగింది. అంటే వైరస్ ఎక్కడినుంచో ప్రయాణం చేసి రాలేదు, ఆ ఊరి గబ్బిలాల్లోదే. మొదటి రోగికి అది సరిగ్గా ఎలా అంటిందన్నది మాత్రం ఈనాటికీ తేలలేదు. నెగెటివ్ అనే వార్త చదివినప్పుడు ఏ జాతి, ఎన్ని, ఏ నెలలో అని అడగడం ఈ కేసు మనకు అలవాటు చేయాలి.

నిపా మనిషి నుంచి మనిషికి అంటుతుందా?

దగ్గరగా సేవ చేసేవాళ్లకు అంటుతుంది. 2001లో సిలిగురిలో 66 మందికి సోకితే 45 మంది పోయారు, చాలామందికి ఆసుపత్రుల్లోనే అంటింది. అది నిపా అని ల్యాబ్‌లో తేలేసరికి ఏళ్లు గడిచాయి.

మన ఈత కల్లు తాగొచ్చా?

ఈ ప్రశ్నకు జవాబు దాటవేయకూడదు. బంగ్లాదేశ్ వార్తల్లో ఖర్జూర రసం అని రాసేది గల్ఫ్ ఖర్జూరం చెట్టు గురించి కాదు, మన ఊళ్లలో పెరిగే ఈత చెట్టు గురించే. ఆ పెద్ద పండ్ల గబ్బిలం కూడా అదే జాతి, మన చెరువుగట్టు మర్రి మీద, చింత మీద వేలాడేదే. మన దేశంలో ఇప్పటివరకు మనుషుల్లో నిపా కేసులు నమోదైంది పశ్చిమ బెంగాల్‌లో, కేరళలో. గబ్బిలాల్లో దాని ఆనవాళ్లు మాత్రం మనకు సరిహద్దున్న కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల్లో కూడా కనిపించాయి.

పులిసిన కల్లులో వైరస్ చచ్చిపోతుందని కొందరు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు. బంగ్లాదేశ్‌లో 2011 నుంచి 2014 మధ్య పులిసిన రసం తాగినవాళ్లకు కూడా నిపా వచ్చిన కేసులు నమోదయ్యాయి. కల్లులో ఉండే ఆల్కహాల్ శానిటైజర్‌లో ఉన్నంత గాఢంగా ఉండదు.

అలాగని కల్లు మానేయమని నేను చెప్పడం లేదు. దాని మీద వేల గీతకార్మికుల కుటుంబాలు బతుకుతున్నాయి, జబ్బు లేనిచోట భయం అమ్మి వాళ్ల పొట్ట కొట్టకూడదు. రాత్రంతా చెట్టుకు వేలాడే లొట్టికీ, గాటుకూ తడికో వలో కట్టడం మంచి అలవాటు. దానివల్ల గబ్బిలాలే కాదు, ఎలుకలు, పురుగులు కూడా పడవు. నీరా అమ్మేచోట దాన్ని శుద్ధి చేశారా అని అడగండి. రసం కాచి బెల్లం చేస్తే ఈ సమస్యే లేదు.

గబ్బిలాలకు ఆ జబ్బు ఎందుకు రాదు?

వాటి ఒంట్లో వైరస్‌ను అదుపుచేసే రక్షణ ఎప్పుడూ కొంత మెలకువగా ఉంటుంది, అదే సమయంలో ఒళ్లంతా మండిపోయేంత వాపు రాకుండా కట్టడి కూడా ఉంటుంది. మనల్ని చాలాసార్లు చంపేది వైరస్ కన్నా దాని మీద మన ఒళ్లు చేసే యుద్ధం. ఎగరడానికి కావాల్సిన విపరీతమైన శక్తి ఖర్చును తట్టుకునే క్రమంలో గబ్బిలాలకు ఈ గుణం వచ్చి ఉంటుందని ఒక వాదన.

ఒక జబ్బుకు ఒకే ఆశ్రయం ఉంటుందా? పురుగులు కూడా ఆశ్రయం కావచ్చా?

కావచ్చు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్నే చూడండి. ఆ బాక్టీరియా పొదల్లో ఉండే చిన్న నల్లి జాతి పురుగుల్లో తల్లి నుంచి గుడ్లకు, గుడ్ల నుంచి పిల్లలకు వెళ్తుంది. ఎలుక ఆ పురుగులకు తిండి పెట్టే జంతువు. ఎలుకలను చంపితే ఆకలితో ఉన్న పురుగులు మనుషుల మీద పడే ప్రమాదమూ ఉంది. ఇంకోపక్క పొలాల్లో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు ఎలుకలు ముఖ్యమైన ఆశ్రయమే, కుక్కలు, పశువులు, పందులు కూడా దాన్ని మూత్రంలో వదులుతాయి. రేబిస్ మనుషులకు వచ్చే కేసుల్లో 99 శాతం దాకా కుక్కల నుంచే, కాబట్టి మన దగ్గర కుక్కలకు టీకా వేస్తే మనుషులను కాపాడినట్టే.

మన రాష్ట్రాల్లో ఇంకా తేలని కేసు ఏదైనా ఉందా?

ఉంది, చండీపురా. 1965లో నాగ్‌పూర్ దగ్గర మొదట కనుక్కున్న ఈ వైరస్, 2003 వేసవి చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల మీద పడింది. కరీంనగర్, వరంగల్ వైపు పల్లెల్లో సాయంత్రం దాకా ఆడుకున్న పిల్లలు తెల్లారేసరికి ఫిట్స్, కోమాలోకి వెళ్లారు. 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. ఇసుక ఈగలు దాన్ని మోస్తాయని తెలుసు, మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో అవి పెరుగుతాయని తెలుసు. చాలా రకాల జంతువుల్లో యాంటీబాడీలు దొరికాయి. వానలకు ముందూ తర్వాతా అది ఏ జంతువులో నిలిచి ఉంటోందో, లేక ఈగల్లోనే తరాల తరబడి సాగుతోందో గట్టిగా తేలలేదు. అంతమంది పిల్లలు పోయిన జబ్బు విషయంలో ఇది నాకు చాలా బాధ కలిగించే ఖాళీ. ఇలాంటి పనికి డబ్బు, మనుషులు జబ్బు లేని ఏళ్లలోనే పెట్టాలి.

ఎబోలా, కోవిడ్ సంగతేంటి?

ఎబోలా 1976లో బయటపడింది. 2005లో మూడు జాతుల పండ్ల గబ్బిలాల్లో దాని జన్యుపదార్థం, యాంటీబాడీలు దొరికాయి గానీ గబ్బిలం నుంచి బతికున్న ఎబోలా వైరస్‌ను ఎవరూ వేరుచేయలేకపోయారు. పైన చెప్పిన కొలతతో చూస్తే గబ్బిలం బలమైన అనుమానితురాలు, అంతే. దాని చుట్టమైన మార్బర్గ్ వైరస్ మాత్రం ఉగాండా గనిలోని గబ్బిలాల నుంచి బతికుండగానే దొరికింది, 2009లో ప్రకటించారు.

కోవిడ్ వైరస్‌కు అతి దగ్గరి చుట్టాలు చైనా, లావోస్‌లలోని గుర్రపునాడా ముక్కు గబ్బిలాల్లో దొరికాయి, పోలిక 96 శాతానికి పైనే. అక్కడి నుంచి మనిషి దాకా వచ్చిన దారి మీద వాదన ముగియలేదు.

ల్యాబ్‌లలో పాత రక్తం, చచ్చిన ఎలుకలు ఏళ్ల తరబడి ఎందుకు దాస్తారు?

అవే ఒక్కోసారి అసలు సాక్షులు. 1993లో అమెరికా నైరుతి భాగంలో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరాడక చనిపోయారు. కొన్ని వారాల్లోనే అక్కడి అడవి ఎలుకల్లో కొత్త హంటావైరస్ దొరికింది. అది కొత్తగా పుట్టిందా అని మ్యూజియంలో దాచిన పాత ఎలుకల కణజాలం పరీక్షిస్తే, అంతకుముందు ఏళ్లలోనే ఉందని తేలింది. ఆ ఏడు మంచి వానలు పడి, గింజలు బాగా పండి, ఎలుకలు పెరిగాయి. మారింది వైరస్ కాదు, ఎలుకల సంఖ్య.

2012లో సౌదీలో మెర్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు బయటపడ్డాక ఒమన్ ఒంటెలు 50కి 50 యాంటీబాడీలు చూపించాయి. ఆఫ్రికా ఒంటెల పాత రక్తం తీసి చూస్తే 1980ల నాటి శాంపిళ్లలోనూ ఉన్నాయి. గల్ఫ్‌లో ఒంటెల దగ్గర పనిచేసే మనవాళ్లు చాలామందే ఉన్నారు. పచ్చి ఒంటె పాలు తాగకుండా, ముక్కు కారుతున్న ఒంటెను తాకాక చేతులు కడుక్కోవడం వాళ్లకు చెప్పాల్సిన మాట.

ఆశ్రయం గబ్బిలమే అని తేలాక వాటిని చంపేస్తే జబ్బు పోదా?

పోదు, పెరగొచ్చు. ఉగాండాలోని కిటాకా గనిలో 2007లో కార్మికులకు మార్బర్గ్ వచ్చాక అక్కడివాళ్లు వేల గబ్బిలాలను చంపి, మిగిలినవాటిని తరిమారు. కొన్నేళ్లకు కొత్త గబ్బిలాలు వచ్చి చేరాయి. పరీక్షిస్తే వైరస్ ఉన్నవాటి శాతం ముందు 5 దగ్గర ఉండగా ఇప్పుడు 13 దాటింది. 2012లో దగ్గర్లోని ఊళ్లలో మళ్లీ మార్బర్గ్ వచ్చింది. రోగనిరోధక శక్తి ఉన్న పాతవి పోయి, అది లేని కొత్తవి వచ్చి చేరితే వైరస్‌కు పండగే.

ఆస్ట్రేలియాలో హెండ్రా మీద 1996 నుంచి 2020 దాకా సేకరించిన లెక్కలు ఇంకో సంగతి చెప్పాయి. చలికాలంలో పూసే అడవులు నరికేశాక గబ్బిలాలు తిండి కోసం గుర్రాల మేత పొలాల దగ్గరికి చేరాయి, హెండ్రా కేసులు పెరిగాయి. అడవి బాగా పూసిన ఏడు అవి అటు వెళ్లిపోయాయి, కేసులు లేవు. ఊరి చివర పాత మర్రిని కొట్టేసినప్పుడు గబ్బిలాలు మాయం కావు, ఇళ్ల మధ్యకు వస్తాయి. రాత్రి పూసే చెట్లకు పరాగం మోసేది, విత్తనాలు చల్లేది కూడా అవే.

మా ఊళ్లో చెట్టు నిండా గబ్బిలాలున్నాయి. ఏం చేయాలి?

వాటిని అలా ఉండనివ్వండి. చెట్టు కింద పశువులను కట్టేయకండి, వంట చేయకండి, నీళ్ల తొట్టి ఉంటే మూత వేయండి. కింద పడి పంటిగాట్లున్న జామ, మామిడి, సపోటా పారేయండి, పిల్లలకు గానీ పందులకు గానీ పెట్టకండి. చెట్టు నుంచి కోసిన మంచి పండును కడిగి, తొక్క తీసి తింటే భయం లేదు. టపాసులు కాల్చి తరిమితే బెదిరిన గబ్బిలాలు ఊరంతా చెల్లాచెదురవుతాయి.

గబ్బిలాలో కోతులో గుంపుగా చచ్చిపడితే ఎవరికి చెప్పాలి?

చేతులతో ముట్టుకోకండి, పూడ్చేయడానికి తొందరపడకండి. మండల పశువైద్యాధికారికి, అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు అదే రోజు ఫోన్ చేయండి. ఎక్కడ, ఎన్ని, ఎప్పటి నుంచి అన్నది చెప్పండి, దూరం నుంచి ఫొటో తీసి పంపండి. ఎండ దెబ్బకు కూడా గబ్బిలాలు గుట్టలుగా రాలిపోతాయి, విషం తిన్నా కోతులు చస్తాయి, కాబట్టి వైరస్ అని మీరే తేల్చి ఊరిని హడలగొట్టకండి. శవం కుళ్లకముందు శాంపిల్ తీస్తేనే ల్యాబ్‌కు పనికొస్తుంది, అందుకే ఫోన్ ఆ పూటే వెళ్లాలి. ఆ వారంలో ఊళ్లో ఎవరికైనా జ్వరంతోపాటు మగతగా ఉంటే, ఆసుపత్రిలో డాక్టరు అడగకపోయినా ఈ సంగతి చెప్పండి.